ఓక్ పార్క్‌లో వందేళ్ళ ఇల్లు: ధర సరే, ఏటా అయ్యే ఖర్చు ఎంత?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. మేము కొన్నేళ్ళుగా షికాగో దూరపు శివారైన నేపర్‌విల్‌లో అద్దెకు ఉంటున్నాము. నా భార్య ఉద్యోగం షికాగో వైద్య ప్రాంగణంలోని ఒక ఆసుపత్రిలో, నాది లూప్‌లో (నగర కేంద్రంలో). ఇద్దరమూ చెరొక కారులో చెరొక దిక్కుకు పోవడంతోనే రోజు గడిచిపోతున్నందువల్ల, షికాగోను ఆనుకుని ఉన్న ఓక్ పార్క్‌లో ఇల్లు కొందామని ఆలోచిస్తున్నాము. 1910 ప్రాంతంలో కట్టిన మూడు పడకగదుల ఇల్లు ఒకటి నచ్చింది. ధర సుమారు 6 లక్షల డాలర్లు. ప్రకటనలో కిందటి సంవత్సరపు ఆస్తిపన్ను 11,000 డాలర్లని ఉంది. ఈ లెక్కన నెలసరి వాయిదా మాకు అందుబాటులోనే ఉంటుంది కానీ, ఓక్ పార్క్ పేరు ఎత్తగానే మిత్రులందరూ "పన్నులు చూసుకున్నారా?" అని అడుగుతున్నారు. అక్కడ నివసిస్తున్నవారు, లేదా నివసించి వచ్చేసినవారు, ధర కాక ఇంకా ఏమేమి ఖర్చులు ఉంటాయో వివరంగా చెప్పగలరా? మా అబ్బాయి ఒకటో తరగతి. మా అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడల్లా కొన్ని నెలలు మాతోనే ఉంటారు.

నేపర్‌విల్_నివాసి:

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అదే 6 లక్షలకు మా వైపు 1990ల్లో కట్టిన ఇల్లు, రెండు కార్ల గ్యారేజీ, వెనుక పెరడు దొరుకుతాయి. మా డ్యూపేజ్ కౌంటీలో పన్ను భారం కూడా అక్కడికన్నా తక్కువ. అరోరాలోని వేంకటేశ్వరస్వామి గుడి దగ్గర, కూరగాయల దుకాణాలు దగ్గర, పిల్లల తెలుగు తరగతులు దగ్గర. ఓక్ పార్క్‌లో మీరు కొనేది వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ పేరునే తప్ప ఇంటిని కాదు. చారిత్రక పట్టణం అన్న మాటకు ఏటా కప్పం కట్టాలన్న ఉత్సాహం ఉంటే తప్ప, నేనైతే ఆ వైపు వెళ్ళను.

లెక్కలమాస్టారు:

గోదారిగట్టు గారూ, ఆ 11,000 అంకె నాకు అనుమానంగా ఉంది. ఓక్ పార్క్ ఉన్న కుక్ కౌంటీలో ఆస్తిపన్నును ఎలా లెక్కకడతారో ఒకసారి చూస్తే మీకే తెలుస్తుంది.

నివాస గృహాలకు కౌంటీ అసెసర్ (ఆస్తుల విలువ కట్టే అధికారి) మార్కెట్ విలువలో 10 శాతాన్ని అంచనా విలువగా తీసుకుంటారు. దానిని రాష్ట్రం ప్రకటించే ఈక్వలైజర్‌తో (కౌంటీల మధ్య అంచనాలను సమం చేసే గుణకంతో) హెచ్చిస్తారు. ఇటీవలి సంవత్సరాల్లో అది సుమారు 3 ఉంటోంది. వచ్చిన మొత్తం నుంచి సొంతింటివారి మినహాయింపు 10,000 తీసివేసి, మిగిలినదాని మీద స్థానిక సంస్థలన్నిటి రేట్లూ కలిపి వేస్తారు. లెక్క సులువు కావడానికి ఈక్వలైజర్ 3, మొత్తం రేటు 10 శాతం అనుకుందాం. అసెసర్ కూడా మీ ఇంటిని 6 లక్షలుగానే లెక్కకట్టారనుకుంటే, 60,000ను 3తో హెచ్చించి 10,000 తీసేస్తే 1,70,000. పన్ను 17,000 డాలర్లు. ప్రకటనలోని 11,000కూ దీనికీ ఉన్న తేడా నెలకు 500 డాలర్లు.

ఇంత తేడా రావడానికి సాధారణంగా రెండు మూడు కారణాలే ఉంటాయి. అసెసర్ అంచనా మార్కెట్ ధర కంటే బాగా వెనుకబడి ఉండవచ్చు. లేదా అమ్ముతున్నవారికి 65 ఏళ్ళు దాటి, వృద్ధులకిచ్చే అదనపు మినహాయింపులు అందుతూ ఉండవచ్చు. అవి వారితోనే పోతాయి, మీకు రావు. ఇంటి గుర్తింపు సంఖ్యతో కౌంటీ వెబ్‌సైట్‌లో వెతికితే ఏ సంవత్సరం ఏ మినహాయింపు ఇచ్చారో కనిపిస్తుంది. ముందు అది చూడండి.

పన్ను ఇంత ఎందుకన్నదానికి ఊరి స్వరూపంలోనే సమాధానం ఉంది. ఓక్ పార్క్ విస్తీర్ణం ఐదు చదరపు మైళ్ళు కూడా లేదు. 2020 జనగణన ప్రకారం జనాభా 54,000 పైచిలుకు. చుట్టూ వేరే ఊళ్ళు ఉన్నందున విస్తరించడానికి జాగా లేదు. పెద్ద కర్మాగారాలు, గిడ్డంగులు, పెద్ద మాల్ లాంటివి లేకపోవడంతో మొత్తం భారంలో అధిక భాగం ఇళ్ళ మీదనే పడుతుంది. ఎనిమిదో తరగతి వరకు ఒక పాఠశాల జిల్లా, హైస్కూలుకు మరొకటి, పార్కులకు ఇంకొకటి, టౌన్‌షిప్, విలేజ్ (ఊరి పాలక సంస్థ), కౌంటీ, ఎవరి లెవీ (పన్ను వసూలు) వారిదే. బిల్లులో పెద్ద వాటా ఆ రెండు పాఠశాల జిల్లాలదే.

ఇక్కడ మనవాళ్ళు తరచు పొరబడే విషయం ఒకటుంది. అంచనా విలువ పెరిగితే పన్ను కూడా అదే శాతంలో పెరుగుతుందని అనుకుంటారు. ఈ సంస్థలు ముందుగా తమకు ఎంత సొమ్ము కావాలో నిర్ణయించుకుంటాయి, ఆ సొమ్మును ఊరంతటి విలువతో భాగించగా వచ్చేదే రేటు. ఊళ్ళో అన్ని ఇళ్ళ విలువా ఒకే తీరున పెరిగితే మీ వాటా మారదు. మీ ఇంటి విలువ ఇతరులకన్నా ఎక్కువగా పెరిగితేనే మీ వాటా పెరుగుతుంది. 2023లో ఆ ప్రాంతానికి పునర్మూల్యాంకనం జరిగింది. మూడేళ్ళ వంతు ప్రకారం 2026 మళ్ళీ దాని సంవత్సరం.

మూడోఅంతస్తు:

మేము అక్కడ ఒక పాత ఇటుక భవనంలో రెండు పడకగదుల కాండోలో (సొంత ఫ్లాటులో) ఉంటున్నాము. నేపర్‌విల్_నివాసి గారు చెప్పిన ఖర్చులు నిజమే కానీ, లెక్కలో ఒక వైపే వేశారు. గ్రీన్ లైన్, బ్లూ లైన్, మెట్రా రైళ్ళు మూడూ ఆ చిన్న ఊరి గుండానే పోతాయి. గోదారిగట్టు గారి భార్యకు బ్లూ లైన్‌లో నేరుగా వైద్య ప్రాంగణం స్టేషనే ఉంది, ఆయనకు గ్రీన్ లైన్ లూప్ దాకా పోతుంది. అంటే వారికి ఒక కారు చాలు. రెండో కారు వాయిదా, బీమా, పెట్రోలు, లూప్‌లో పార్కింగ్, ఇవన్నీ కలిపితే మాస్టారు చెప్పిన ఆ 500 డాలర్ల తేడా పెద్దదేమీ కాదు. అయితే ఇంటి నుంచే పనిచేసేవారు, లేదా ఓక్ బ్రూక్, షాంబర్గ్ లాంటి ఇతర శివార్ల వైపు ఉద్యోగాలున్నవారు ఈ ఊరికి పన్ను కట్టి వాడుకునేది చాలా తక్కువ.

అమ్మానాన్నల సంగతి కూడా చెప్పాలి. మా అత్తగారు, మామగారు వచ్చినప్పుడు ఉదయం వారే నడిచి గ్రంథాలయానికి పోయి, కాసేపు పత్రికలు తిరగేసి, పార్కులో కూర్చుని వస్తారు. శివార్లలోని కొత్త కాలనీలో మనం ఆఫీసు నుంచి వచ్చేదాకా వారు కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చోవాలి. దీనికి డాలర్లలో విలువ కట్టలేను. కానీ మా నిర్ణయంలో దీని బరువు తక్కువ కాదు. గుడికీ, సరుకులకూ మాత్రం ఆదివారం ప్రయాణం తప్పదు. అరోరా 30 మైళ్ళకు పైనే, లెమాంట్ గుడి కొంత నయం. కందిపప్పూ కరివేపాకూ నెలకు సరిపడా షికాగోలో మన దుకాణాలుండే డెవాన్ అవెన్యూ నుంచి తెచ్చుకుంటాము.

కాండో గురించి అడగలేదు కానీ చెబుతాను. నెలనెలా కట్టే భవన యజమానుల సంఘం రుసుములో మాకు శీతాకాలపు రేడియేటర్ల వేడి కూడా కలిసి ఉంటుంది, ఆ మేరకు గ్యాస్ బిల్లు తగ్గుతుంది. అయితే పాత ఇటుక గోడలకు టక్‌పాయింటింగ్ (ఇటుకల మధ్య అతుకులు తిరిగి నింపడం), పైకప్పు, వెనుక చెక్కమెట్లు, వీటిలో ఏదో ఒకటి వంతు వచ్చినప్పుడు సంఘం దగ్గర నిధి లేకపోతే ఒక్కసారిగా ప్రత్యేక వసూలు వేస్తారు. కొనేముందు సంఘం సమావేశాల మినిట్స్, నిధి నిల్వ తప్పక చదవాలి.

ఇంకొకటి: వీధిలో రాత్రి 2:30 నుంచి ఉదయం 6 వరకు కార్లు నిలపడం సాధారణంగా నిషేధం. సొంత ఇంటికి వెనుక సందులో గ్యారేజీ ఉంటే ఇబ్బంది లేదు. అద్దెవారికీ, రెండో కారు ఉన్నవారికీ ఇదొక అదనపు ఖర్చు.

రిడ్జ్‌లాండ్_వాసి:

సొంతింటివారి తరఫున నేను రాస్తాను. పన్ను మీద చర్చ ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది కానీ, పాత ఇంటిలో నిజమైన ఖర్చు గోడల లోపల, నేల కింద ఉంటుంది. మా ఇల్లు కూడా మీరు చూసినదాని వయసుదే, కాబట్టి ఏమేమి చూడాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

మొదటిది మురుగు గొట్టం. ఇంటి నుంచి వీధి కిందికి పోయేది పాత మట్టి గొట్టమైతే, ఆ వీధుల్లోని మహావృక్షాల వేళ్ళు దాని అతుకుల్లోకి చొరబడి ఉంటాయి. మామూలు ఇంటి తనిఖీలో ఇది కనిపించదు. కెమెరా దింపి చూపించే తనిఖీ వేరుగా చేయించాలి. పైగా అక్కడ వాననీరు, మురుగునీరు ఒకే గొట్టంలో పోతాయి. కుండపోత వాన కురిసినప్పుడు అది బేస్‌మెంట్‌లోకి ఎదురుతన్నకుండా కవాటం ఉందో లేదో అడగండి. లేకపోతే బేస్‌మెంట్‌ను పడకగదిగా మార్చే ఆలోచన మానుకోండి.

రెండవది విద్యుత్తు. గోడల్లో పింగాణీ గుబ్బల మీద నడిచే పాత కాలపు తీగలు ఇంకా మిగిలి ఉంటే కొన్ని బీమా సంస్థలు పాలసీ ఇవ్వవు, ఇచ్చినా ప్రీమియం ఎక్కువ. ప్యానెల్ కొత్తగా కనిపించినంత మాత్రాన తీగలన్నీ కొత్తవని అనుకోవద్దు. మూడవది వేడి, చల్లదనం. రేడియేటర్ల వేడి హాయిగా ఉంటుంది, కానీ గాలి గొట్టాలు లేని ఇంటిలో వేసవికి సెంట్రల్ ఏసీ పెట్టాలంటే కొత్త గొట్టాలు దూర్చాలి, లేదా గదికొక మినీ స్ప్లిట్ ఏసీ పెట్టాలి. రెండూ ఖరీదైనవే. నాలుగవది రంగు. 1978కి ముందు కట్టిన ఇళ్ళలో సీసం కలిసిన రంగు ఉండే అవకాశం ఎక్కువ. దానిని గోకి పని చేయడానికి ధ్రువపత్రం ఉన్న పనివారు కావాలి, వారి ధరలు వేరు. చిన్నపిల్లవాడున్న ఇంటిలో దీనిని తేలిగ్గా తీసుకోవద్దు. నీళ్ళు తెచ్చే గొట్టం సీసానిదా రాగిదా అన్నది కూడా విలేజ్‌ను అడిగి తెలుసుకోవచ్చు.

చివరగా మన వంటింటి సంగతి. ఇల్లు చూపించేటప్పుడు పొయ్యి మీద అందమైన హుడ్ ఉంటుంది, అది చాలా ఇళ్ళలో పొగను వడపోసి తిరిగి మన ముఖానికే వదిలే రకం. రోజూ పోపు పెట్టే ఇంటికి బయటికి పోయే గొట్టం కావాలి. దానికి ఇటుక గోడకు కన్నం పెట్టాలి, ఇల్లు చారిత్రక ప్రాంతంలో ఉండి ఆ కన్నం వీధి వైపు వస్తే చారిత్రక సంరక్షణ విభాగానికి కూడా చెప్పాలి.

ఇవన్నీ ఒక్క సంవత్సరంలో రావు. నా పద్ధతి ఏమిటంటే, ఇంటి ధరలో కనీసం ఒకటిన్నర శాతాన్ని ఏటా మరమ్మతులకని పక్కన పెడతాను. ఏమీ విరగని సంవత్సరం కూడా దానిని ముట్టుకోను. 6 లక్షల ఇంటికి అది 9,000 డాలర్లు. నా దృష్టిలో పన్నుతో పాటు దీనిని కూడా నెలసరి వాయిదాలో కలిపి చూసుకుని, అప్పుడు కూడా భరించగలిగితేనే కొనాలి.

నేపర్‌విల్_నివాసి:

ఇదంతా చదివిన తరువాత నా మొదటి మాటే నిజమని తేలుతున్నది కదా! 17,000 పన్ను, 9,000 మరమ్మతులు, అంటే కప్పు కాఫీ తాగకుండానే నెలకు రెండు వేల డాలర్లకు పైగా. ఒక కారు తగ్గినంత మాత్రాన ఇది పూడుతుందా?

రిడ్జ్‌లాండ్_వాసి:

పూర్తిగా పూడదు, నేను అలా అనలేదు. కానీ 1990ల్లో కట్టిన ఇంటికి ఇప్పుడు ముప్పై ఏళ్ళు దాటాయి. దాని పైకప్పు, ఇల్లు వేడిచేసే ఫర్నేస్, కిటికీలు కూడా వంతు కోసం ఎదురుచూస్తూనే ఉంటాయి, అక్కడ కూడా పన్ను సున్నా కాదు. తేడాను తేడాగా లెక్కించండి, మొత్తాన్ని తేడాగా చూపవద్దు.

పాతఇటుక:

నేను పాత భవనాల పునరుద్ధరణ వృత్తిలో ఉన్నాను. "రైట్ పేరుకు కప్పం" అన్న మాట గురించి ఒక చిన్న వివరణ. ఓక్ పార్క్‌లో మూడు చారిత్రక ప్రాంతాలు ఉన్నాయి. రైట్ ఇళ్ళు, ఆయన ప్రెయిరీ శైలి ఇళ్ళు ఉన్నది ఒకటి, రిడ్జ్‌లాండ్ రెండవది, దక్షిణాన గుండర్సన్ మూడవది. రైట్ 1889లో కట్టుకున్న ఇల్లు, ఆయన రూపకల్పన చేసి, 2019లో యునెస్కో జాబితాలో చేరిన యూనిటీ టెంపుల్ చూడడానికి వచ్చే జనం నిజమే, కానీ అక్కడి అధిక సంఖ్యాక ఇళ్ళు పేరులేని వడ్రంగులు కట్టిన సాదా చెక్క ఇళ్ళు. ఇంటి లోపల మీరు ఏమి మార్చుకున్నా సంరక్షణ కమిషన్ అడగదు. దాని దృష్టి వీధి నుంచి కనిపించే భాగం మీదనే, ముఖ్యంగా కూల్చివేతల మీద.

ఆ ఊరి చరిత్ర అంటే కట్టడాలు మాత్రమే కాదని కూడా గుర్తుంచుకోవాలి. నల్లజాతి రసాయన శాస్త్రవేత్త పెర్సీ జూలియన్ 1950లో అక్కడ ఇల్లు కొన్నప్పుడు దానికి నిప్పు పెట్టే ప్రయత్నం జరిగింది. అదే ఊరు 1968లో ఇళ్ళ అమ్మకంలో, అద్దెలో జాతి వివక్షను నిషేధిస్తూ చట్టం చేసుకున్నది. ఇప్పుడు అక్కడి ఒక మిడిల్ స్కూల్‌కు ఆయన పేరే ఉంది. పెద్ద ఇళ్ళ పక్కనే అద్దె భవనాలు, చిన్న కాండోలు కూడా నిలిచి ఉన్నందువల్లనే మూడోఅంతస్తు గారి లాంటి వారికి కూడా అక్కడ చోటు దొరికింది.

ఇక అసలు విషయం. గోదారిగట్టు గారూ, మీరు చూసిన ఇల్లు ఈ చారిత్రక ప్రాంతాల్లో ఒకదానిలో ఉందా? ఈ మధ్య కాలంలో పెద్ద ఎత్తున బాగుచేయించిన ఇల్లా? అలా అయితే ఆ 11,000 వెనుక వేరే కారణం ఉండవచ్చు.

గోదారిగట్టు:

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు చెప్పినట్లు కౌంటీ రికార్డు చూశాను. వృద్ధుల మినహాయింపు లేదు. సొంతింటి మినహాయింపు ఒక్కటే ఉంది. ఇల్లు రిడ్జ్‌లాండ్ ప్రాంతంలోనే ఉంది. అమ్ముతున్నవారు కొన్నేళ్ళ కిందట విద్యుత్తు, బాయిలర్, వరండా అన్నీ కొత్తగా చేయించారని ఏజెంటు గొప్పగా చెప్పారు. అసెసర్ లెక్కలో మార్కెట్ విలువ దాదాపు 4 లక్షలుగానే ఏళ్ళ తరబడి కదలకుండా ఉంది.

పాతఇటుక:

నేను అనుకున్నదే. ఇల్లినాయ్‌లో చారిత్రక గృహాలకు అంచనా విలువను స్తంభింపజేసే పథకం ఉంది. యజమాని తాను నివసించే చారిత్రక ఇంటిని, అసెసర్ లెక్కగట్టిన మార్కెట్ విలువలో కనీసం 25 శాతం ఖర్చుపెట్టి, రాష్ట్ర సంరక్షణ కార్యాలయం ఆమోదించిన ప్రమాణాల ప్రకారం పునరుద్ధరిస్తే, పని మొదలైన నాటి అంచనా విలువను 8 సంవత్సరాలు పెంచకుండా ఉంచుతారు. ఆ తరువాత 4 సంవత్సరాల్లో మెట్లు మెట్లుగా పూర్తి విలువకు తీసుకువస్తారు. ఇందులో రెండు సంగతులు గమనించండి. స్తంభించేది అంచనా విలువే, రేటు కాదు. కాబట్టి ఆ ఎనిమిదేళ్ళలోనూ బిల్లు కొంత పెరగవచ్చు. అమ్మకం తరువాత మిగిలిన సంవత్సరాలు మీకు వర్తిస్తాయా, ఇప్పుడు ఎన్నవ సంవత్సరం నడుస్తోంది అన్నవి ఏజెంటు నోటి మాటగా కాక, అసెసర్ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఆ బాగుచేత నిజంగా ప్రమాణాల ప్రకారం జరిగి ఉంటే, రిడ్జ్‌లాండ్_వాసి గారి జాబితాలో కొన్ని ఖర్చులు ఇప్పటికే తీరిపోయి ఉంటాయి. ఆ ఆమోద పత్రాలు, పర్మిట్ల నకళ్ళు అడిగి తీసుకోండి. మురుగు గొట్టం మాత్రం పథకంలో ఉన్నా లేకున్నా కెమెరాతో చూడాల్సిందే.

లెక్కలమాస్టారు:

ఇప్పుడు అంకెలు కలిశాయి. 4 లక్షల విలువకు నేను పైన రాసిన సూత్రం వేస్తే సరిగ్గా 11,000 వస్తుంది. ఎనిమిదేళ్ళూ పూర్తయ్యాయనుకుంటే, నా ఊహాత్మక రేటుతో వచ్చే నాలుగు బిల్లులు 12,500, 14,000, 15,500, 17,000. బ్యాంకు మాత్రం మీ ఎస్క్రోను (పన్ను కోసం నెలనెలా వసూలు చేసి పక్కన పెట్టే సొమ్మును) పాత బిల్లు మీదనే లెక్కవేస్తుంది. కొత్త బిల్లు రాగానే పాత లోటు, రాబోయే ఏడాది పెరుగుదల రెండూ కలిపి ఒకేసారి నెలసరి వాయిదా పెంచుతుంది. కుక్ కౌంటీలో మొదటి విడత బిల్లు కిందటి సంవత్సరపు మొత్తంలో 55 శాతం మాత్రమే, నిజమైన పెరుగుదల రెండో విడతలో బయటపడుతుంది. అది ఆగస్టుకు బదులు సంవత్సరాంతానికి వచ్చిన సంవత్సరాలు కూడా ఇటీవల ఉన్నాయి.

పన్ను భారం కొంత వెనక్కి వచ్చే దారులూ ఉన్నాయి. కట్టిన ఆస్తిపన్నులో 5 శాతం ఇల్లినాయ్ ఆదాయపు పన్నులో క్రెడిట్‌గా వస్తుంది, 17,000 మీద 850 డాలర్లు. ఫెడరల్ పన్నులో, రాష్ట్ర, స్థానిక పన్నుల తగ్గింపుకు 2018 నుంచి ఉన్న 10,000 పరిమితిని 2025లో 40,000కు పెంచారు. సుమారు 5 లక్షల ఆదాయం దాటినవారికి అది క్రమంగా తగ్గుతుంది. ఇంటి రుణం వడ్డీ కూడా ఉన్న మీలాంటి వారికి దీనివల్ల ఖర్చులను విడివిడిగా చూపడం లాభించవచ్చు. మీ ఆడిటర్‌తో రెండు విధాలా లెక్క వేయించండి.

గోదారిగట్టు:

మాస్టారూ, ఇంకొక్క సందేహం. ఇక్కడ పన్ను ఒక సంవత్సరం వెనుకగా కడతారు కదా, అమ్ముతున్నవారు ఉన్న కాలపు పన్ను మేమే కట్టాల్సి వస్తుందా?

లెక్కలమాస్టారు:

బిల్లు వచ్చేనాటికి ఇల్లు మీ పేర ఉంటుంది కాబట్టి మీరే కడతారు. దానికి బదులుగా క్లోజింగ్ (ఇల్లు చేతులు మారే) రోజున వారు తమ కాలానికి మీకు క్రెడిట్ ఇస్తారు. దానిని ఆఖరి బిల్లులో 105 లేదా 110 శాతంగా లెక్కవేయడం వాడుక. మీ విషయంలో అది చాలదు. పూర్తి సంవత్సరానికి 11,000 మీద 110 శాతం అంటే 12,100. మెట్టు ఎక్కిన బిల్లు 12,500 వస్తే 400 మీ జేబులోంచి పోతుంది. అందుకని అసలు బిల్లు వచ్చిన తరువాత తిరిగి లెక్క చూసుకునే షరతును ఒప్పందంలో రాయించమని మీ లాయరును అడగండి. లాయరు ఒప్పందాన్ని సరిచూసే అటార్నీ సమీక్ష గడువు సాధారణంగా ఐదు పని దినాలే, కాబట్టి సంతకం పెట్టిన రోజే ఈ సంగతి ఆయనకు చెప్పండి. పునర్మూల్యాంకన నోటీసు వచ్చాక అప్పీలు వేయడానికి అసెసర్ దగ్గర ఒక గడువు, అప్పీళ్ళు వినే బోర్డ్ ఆఫ్ రివ్యూ దగ్గర మరొక గడువు ఉంటాయి. రెండు చోట్లా ఫీజు లేకుండా మీరే వేసుకోవచ్చు. పక్క వీధిలోని ఇలాంటి ఇళ్ళ అంచనా విలువలు నాలుగైదు జతచేస్తే చాలు.